మద్యం మాన్పించి మళ్లీ ఫుట్‌పాత్ మీదికేనా?

తాగుడు మాన్పించే వైద్యం గురించి మనం ఎంతో మాట్లాడుకుంటాం. వైద్యం ముగిసిన రోగి ఆ రాత్రి ఎక్కడ తల దాచుకుంటాడన్న ప్రశ్న మాత్రం అరుదుగా వేస్తాం. ఇల్లూ వాకిలీ ఉన్నవానికి ఆ ప్రశ్నతో పనిలేదు. కాకినాడ టౌన్ రైల్వే స్టేషన్ ఆవరణలోనో, ఆర్టీసీ కాంప్లెక్సు అరుగుల మీదనో, జగన్నాథపురం వంతెన దాపుననో రాత్రులు గడిపే మనిషికి మాత్రం వైద్యం ఫలించడమూ వ్యర్థం కావడమూ ఆ ఒక్క ప్రశ్న మీదనే ఆధారపడి ఉన్నాయి.

ఎందుకో చెబుతాను. దీర్ఘకాలం తాగిన శరీరానికి మద్యం అందకపోతే కొద్ది గంటల్లోనే చేతుల వణుకు, చెమటలు మొదలవుతాయి. కొందరికి మూర్ఛలు వస్తాయి. రెండు మూడు రోజులకు మతిభ్రమ కలిగి ప్రాణం మీదికి రావచ్చు. అందుకే ఏళ్ల తరబడి నిత్యం తాగేవారు వైద్యుని పర్యవేక్షణ లేకుండా ఒక్కసారిగా మానరాదు. ఆసుపత్రిలో తగిన మందులతో, థయమిన్‌తో ఈ గండం సాధారణంగా వారం పది రోజుల్లో గడుస్తుంది. అసలు పరీక్ష ఆ తరువాతనే. నిద్ర కుదుటపడడానికి, ఆలోచన తేటపడడానికి, తాగాలన్న యావ తగ్గడానికి నెలలు పడుతుంది. ఆ నెలల్లో రోగికి వేళకు అన్నం, కంటినిండా నిద్ర, మాత్రలు భద్రపరచుకునే చోటు, పలకరించే మనిషి కావాలి. వీటిలో ఏ ఒక్కటైనా ఫుట్‌పాత్ మీద దొరుకుతుందా? అక్కడ దోమలకూ ఆకలికీ భయానికీ చేతికందే ఒకే ఒక్క మందు మళ్లీ ఆ సీసాయే.

"తాగి చెడినవాడికి ప్రజల సొమ్ముతో ఇల్లా?" అని మీలో కొందరు అడుగుతారు. మద్యం అమ్మకాల మీద వచ్చే ఆదాయం ప్రజల సొమ్ము అయినప్పుడు, ఆ మద్యం కూల్చిన మనిషి మాత్రం ప్రజల బాధ్యత ఎందుకు కాడు? 1992లో దూబగుంట మహిళలు రగిలించిన ఉద్యమం ఫలితంగా 1993లో సారా నిషేధం, 1995లో సంపూర్ణ మద్యనిషేధం వచ్చాయి. 1997లో నిషేధం సడలింది. 2019లో దుకాణాలు ప్రభుత్వం చేతికి, 2024లో మళ్లీ ప్రైవేటు చేతికి వెళ్లాయి. మూడు దశాబ్దాలుగా మన వాదమంతా దుకాణం చుట్టూనే తిరిగింది. ఆ దుకాణం ముందు పడిపోయిన మనిషి చుట్టూ తిరగలేదు. 2019లో వెలువడిన జాతీయ సర్వే ప్రకారం దేశంలో మద్యానికి బానిసలైన 38 మందిలో ఒక్కరికే ఏదో ఒక చికిత్స అందుతోంది.

"ముందు మానమనండి, తరువాత ఇల్లు చూద్దాం" అనేది రెండవ వాదం. వినడానికి న్యాయంగా తోచే ఈ మాట అనుభవానికి నిలవదు. అమెరికాలో 1975 నుంచి నడుస్తున్న ఆక్స్‌ఫర్డ్ హౌస్‌లలో, చికిత్స పొందినవారు అద్దె పంచుకుని, తాగరాదన్న కట్టుబాటుతో కలిసి జీవిస్తారు. ఇల్లినాయ్ రాష్ట్రంలో 150 మందిపై జరిపి 2006లో ప్రచురించిన అధ్యయనంలో, రెండేళ్ల తరువాత మత్తుపదార్థాలు వాడుతున్నవారు ఈ ఇళ్లకు పంపిన వర్గంలో సుమారు 31 శాతం. మామూలు పద్ధతిలో వదిలిన వర్గంలో సుమారు 65 శాతం. సియాటెల్‌లో 2005లో తెరిచిన 75 గదుల భవనంలోనైతే మానాలన్న షరతే పెట్టలేదు. అయినా అక్కడ నివసించినవారి తాగుడు కాలక్రమాన తగ్గింది, వారిపై ప్రజాధనపు ఖర్చూ తగ్గింది. నియమాలు వేరైనా రెండింటికీ పునాది ఇల్లే. అంత దూరం పోనక్కరలేదు. చెన్నైలోని బాన్యన్ సంస్థ మానసిక రోగంతో వీధిన పడిన స్త్రీలకు మామూలు వీధుల్లోనే ఇళ్లు తీసుకుని, కొద్దిమందిని కలిపి ఉంచుతోంది.

నేను కోరుతున్నది దయ కాదు, చట్టం అమలు. 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం మద్యపాన సంబంధ మానసిక స్థితులను మానసిక రోగంగానే నిర్వచించింది. నిరాశ్రయులకు చికిత్స ఉచితంగా అందాలన్నది. ఆసుపత్రికీ ఇంటికీ నడుమ ఉండే ఆశ్రయాలను, తోడ్పాటుతో కూడిన నివాసాలను ప్రభుత్వ బాధ్యతల్లో చేర్చింది. పట్టణాల్లో లక్ష జనాభాకు ఒక ఆశ్రయ కేంద్రం ఉండాలన్నది సుప్రీంకోర్టు ఆదేశాల నుంచి వచ్చిన ప్రమాణం. 2011 లెక్కల్లోనే మూడు లక్షలు దాటిన కాకినాడకు ఎన్ని ఉండాలో మీరే లెక్క వేయండి. అయినా రాత్రి పడుకుని తెల్లవారి లేచిపోయే బస వేరు, కోలుకునే ఇల్లు వేరు.

ఆ ఇల్లు ఎలా ఉండాలి? సర్వజన ఆసుపత్రికి చేరువలో ఓ అద్దె ఇల్లు. ఎనిమిది పది మంది. ఆరు నెలల నుంచి ఏడాది వరకు నివాసం. వారానికొకసారి మానసిక వైద్య విభాగం నుంచి ఒకరి సందర్శన. తాగుడు మాని నిలదొక్కుకున్న ఒక వ్యక్తి పర్యవేక్షణ. ఆధార్, రేషన్ కార్డు, పని సంపాదించడంలో సాయం. స్త్రీలకు వేరుగా మరొకటి. ఎవరైనా మళ్లీ తాగితే వీధిలోకి గెంటరాదు; ఆసుపత్రికి పంపి, అతని మంచం అతనికే ఉంచాలి. చక్కెర వ్యాధిగ్రస్తుడు ఒకపూట కాకినాడ కాజా తిన్నాడని అతనికి వైద్యం మానేస్తామా?

పాఠకులారా, మీ కార్పొరేషన్‌ను అడగండి: నిరాశ్రయుల కేంద్రాలు ఎన్ని? వాటిలో ఎన్ని రాత్రింబవళ్లు తెరిచి ఉంటున్నాయి? ఆసుపత్రి నుంచి వచ్చిన రోగికి ఎన్నింటిలో చోటుంది? జవాబు రాతపూర్వకంగా కోరండి; సమాచార హక్కు చట్టం ఉన్నది అందుకే. మీకు ఖాళీ ఇల్లుంటే, అద్దెకు అడిగినప్పుడు "తాగుబోతులకు ఇవ్వం" అనే ముందు ఒక్క సంగతి గుర్తుంచుకోండి: వచ్చేవారు తాగడానికి కాదు, మానడానికి చోటు అడుగుతున్నారు.