ఆ సైరన్ ఎవరి కోసం?

మా ఇల్లు కొండాపూర్ మెయిన్ రోడ్డు మీదే, నాలుగో అంతస్తు. పొద్దున ఎనిమిదిన్నర నుంచి ఆఫీసు బస్సులు, క్యాబులు, హారన్లు. అవన్నీ అలవాటైపోయాయి కానీ, అంబులెన్స్ సైరన్ మాత్రం ఎన్నేళ్లయినా అలవాటు కాదండీ. మధ్యాహ్నం ఎలాగో పడుకోబెట్టిన పాప ఉలిక్కిపడి లేస్తుంది. నైట్ షిఫ్టు చేసొచ్చిన మావారు చెవుల మీద దిండు పెట్టుకుంటారు. అందుకే నిరుడు మా అపార్ట్‌మెంట్ వాట్సాప్ గ్రూపులో ఎవరో "ఈ సైరన్ల మీద కంప్లైంట్ ఇద్దాం" అని పెడితే, అందరికంటే ముందు థమ్స్ అప్ కొట్టింది నేనే.

నెల తిరక్కుండానే ఓ రాత్రి రెండింటికి మామయ్యగారికి ఛాతీలో నొప్పి, ఒళ్లంతా చెమటలు. 108కి ఫోన్ చేసి, బాల్కనీలో నిలబడి అదే సైరన్ కోసం చెవులు రిక్కించాను. వినబడలేదు. అంబులెన్స్ మాత్రం లైట్లు తిరుగుతూ గేటు ముందుకొచ్చి ఆగింది.

ఎక్కాక అడిగాను, "సైరన్ వెయ్యరేం బాబూ?" అని.

"రోడ్డు ఖాళీగా ఉందమ్మా, ఎవర్ని తప్పుకోమనాలి? పైగా పెద్దాయన కంగారు పడతారు" అన్నాడు డ్రైవర్. జంక్షన్లో లారీ అడ్డొచ్చినప్పుడు మోగించాడు. దాటగానే ఆపేశాడు.

మామయ్యగారు ఇప్పుడు బాగున్నారు. నేను మాత్రం ఆ థమ్స్ అప్ తీసేశాను.

అంటే సైరన్లు ఎంతైనా మోగనివ్వండి అనడం లేదు. 2000 నాటి శబ్ద కాలుష్య నియమాల ప్రకారం రాత్రి పది నుంచి పొద్దున ఆరు దాకా ఇళ్లున్న చోట హారన్ కొట్టకూడదు, అత్యవసరమైతే తప్ప. ఆ "అత్యవసరం" నిజమైనదేనా అన్నదే నా ప్రశ్న. 2023 జూలైలో మన నగరంలోనే, బషీర్‌బాగ్ దగ్గర ఓ అంబులెన్స్ సైరన్ వేసుకుంటూ వస్తే ట్రాఫిక్ కానిస్టేబుల్ దారిచ్చాడు. తీరా చూస్తే అది కాస్త ముందుకెళ్లి మిర్చి బజ్జీల కొట్టు దగ్గర ఆగింది. లోపల రోగి లేడు! ఆ వీడియో చూసి అందరం నవ్వుకున్నాం. కానీ నవ్వేది కాదది. ఆ రోజు నుంచి సైరన్ వినబడితే "బజ్జీలకేమోలే" అనేవాళ్లు తయారయ్యారు. దొంగ సైరన్ పాడుచేసేది మన నిద్రనే కాదు, వెనకాల వచ్చే నిజమైన సైరన్‌కి ఉన్న విలువని కూడా.

ఇక మన సంగతి. దారివ్వకపోతే పదివేల రూపాయల జరిమానా, ఆరు నెలల దాకా జైలు కూడా ఉందని 2019లో చట్టం మార్చారు. అయినా సాయంత్రం ఆరింటికి మైండ్‌స్పేస్ దగ్గర చూడండి, అంబులెన్స్ కదలక అక్కడే అరుస్తూ ఉంటుంది. మనం జరిగితే అది అరవక్కర్లేదు కదా! 2025 జనవరిలో ఎల్.బి.నగర్ నుంచి లక్డీకాపూల్‌కి ఒక గుండెని మెట్రోలో 13 నిమిషాల్లో చేర్చారు. దారి ఖాళీగా ఉంటే ఏ సైరనూ అక్కర్లేదని అప్పుడే అర్థమైంది.

కాబట్టి మా గ్రూపులో ఈసారి కంప్లైంట్ మార్చి రాశాను. రోగి లేని బండి సైరన్ వేస్తే నంబరు రాసుకుని పోలీసులకు చెబుదాం. ఖాళీ రోడ్డు మీద రాత్రిపూట లైట్లు చాలని ఆసుపత్రులని అడుగుదాం. మన గేటు ముందు, రోడ్డు మీద అడ్డంగా పెట్టే కార్లు మనమే తీద్దాం. మూడోదానికి థమ్స్ అప్‌లు తక్కువొచ్చాయి లెండి!

మొన్న సైరన్ వినబడితే మా పాప నిద్రకళ్లతోనే అడిగింది, "అమ్మా, లోపల ఎవరైనా ఉన్నారా?" అని.

"ఉన్నారనే అనుకుందాం, దండం పెట్టుకో" అన్నాను.