నాలుక దాటిన రుచి

మన పెద్దలు రుచులను ఆరుగా లెక్కించారు. నేటి శరీరశాస్త్రం అందులో కారానికి చోటివ్వదు. కారం రుచి కాదు, మంట. నొప్పిని, వేడిని తెలిపే నాడులే దానిని మెదడుకు చేరవేస్తాయి. (ఆవకాయ ప్రియులు ఈ తీర్పును అంగీకరిస్తారని చెప్పలేను.) చిన్నప్పుడు పాఠ్యపుస్తకంలో చూసిన నాలుక పటం, అనగా కొన తీపికి, వెనుకభాగం చేదుకు అనే విభజన కూడా సరికాదు. రుచిమొగ్గలున్న ప్రతిచోటా అన్ని రుచులూ తెలుస్తాయి.

అంతకంటె ఆశ్చర్యకరమైన విషయం మరొకటి ఉంది. రుచిని పసికట్టే ప్రోటీన్లు నాలుకకే పరిమితం కావు. వీటిని రుచి గ్రాహకాలంటారు. మానవునిలో చేదును గుర్తించేవి సుమారు 25 రకాలు. విషాలలో చాలావరకు చేదుగా ఉంటాయి గనుక ప్రకృతి ఇంత కాపలా పెట్టింది కాబోలు. 2010లో అమెరికా శాస్త్రజ్ఞులు శ్వాసనాళాల కండరాలలో సైతం చేదు గ్రాహకాలున్నాయని, చేదు పదార్థం తగిలితే ఆ కండరాలు సడలుతాయని వెల్లడించారు. తీపి గ్రాహకాలు పేగు గోడలలో ఉన్నాయి. 2009లో చిట్టెలుకల మెదడులోనూ, ముఖ్యంగా ఆకలిని అదుపుచేసే హైపోథలామస్‌లో, వాటి జాడ కనిపించింది.

మెదడులో తీపి గ్రాహకాలకు పనేమిటి? అక్కడికి చేరే గ్లూకోజు హెచ్చుతగ్గులను అవి కనిపెడుతూ ఉండవచ్చునని పరిశోధకుల ఊహ. ఇది వింత కాదు. మన శరీరపు బరువులో మెదడు 2 శాతమే; విశ్రాంతిగా ఉన్నప్పుడు మనం ఖర్చుచేసే శక్తిలో దాదాపు 20 శాతం దానిదే. అంత తిండి కావలసిన అవయవం, తిండి సంగతి నాలుక ఒక్కదానికే ఒప్పగించి ఊరుకుంటుందా?

ఊరుకోదని 2008లో తేలింది. పుట్టుకతోనే తీపి తెలియని చిట్టెలుకలకు మామూలు నీరు, చక్కెర నీరు ఇచ్చి చూశారు. కొంతకాలానికి అవి చక్కెర నీటినే కోరసాగాయి. వాటి మెదడులో సంతోషానికి సంబంధించిన డోపమైన్ కూడా పెరిగింది. 2020లో న్యూయార్కులోని కొలంబియా విశ్వవిద్యాలయంలో చార్లెస్ జూకర్ బృందం మరొక అడుగు వేసింది. మామూలు చిట్టెలుకల ముందు చక్కెర నీటిని, కృత్రిమ తీపి కలిపిన నీటిని ఉంచారు. మొదట రెండింటినీ సమానంగా తాగాయి. రెండు రోజులు గడిచేసరికి దాదాపు అన్నీ చక్కెర వైపే మళ్లాయి. కబురు పంపింది పేగు. వేగస్ నాడి గుండా అది మెదడు కాండానికి చేరింది. విశేషమేమంటే, పేగులో ఆ పని చేసినవి తీపి గ్రాహకాలు కావు. గ్లూకోజును కణాలలోకి చేరవేసే వేరొక ప్రోటీను. మెదడు కాండంలో ఆ కబురు అందుకునే నాడీకణాలను పనిచేయకుండా ఆపగానే చక్కెరపై మక్కువ ఏర్పడలేదు.

అంటే కృత్రిమ తీపి నాలుకను మెప్పించినా, లోపల ఎదురుచూస్తున్నవాడికి అందవలసినది అందడం లేదు. చక్కెర మానేసి మాత్ర వేసిన కాఫీ తాగేవారికి తీపి మీద కోరిక తీరకపోవడానికి ఇదీ ఒక కారణం కావచ్చు; మనుషులలో దీనికి ఇంకా రుజువు కావాలి. బరువు తగ్గడానికి ఇటువంటి తీపి పదార్థాలపై ఆధారపడవద్దని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2023లో సూచించింది. అయితే అప్పటికే మధుమేహం ఉన్నవారికి ఆ సూచన వర్తించదని కూడా స్పష్టం చేసింది. వారు వైద్యుని సలహా లేకుండా కాఫీలోకి మళ్లీ చక్కెర తెచ్చుకోరాదు.