జడ్జిగారి ఉత్తరాలు ఎవరి సొత్తు?

పొంగిన వాగులు, పాడైన బాటలు, ఇంటి నుంచి రాని జాబు కోసం ఎదురుచూపు. ఇవి చాలవన్నట్టు, రాత్రి బసకు పూటకూళ్ల ఇంట్లో దిగితే ముక్కూమొహం తెలియని మనిషితో ఒకే మంచం మీద సర్దుకోవడం. ఇదంతా ఊళ్లు తిరిగి సరుకు అమ్ముకునేవాడి గోడు కాదు. అమెరికా తొలి సుప్రీంకోర్టు న్యాయమూర్తుల్లో ఒకడైన జేమ్స్ ఐర్‌డెల్ భార్య హన్నాకు రాసుకున్న ఉత్తరాల్లోని సంగతులు.

అక్కడి తొలి జడ్జీల గురించి చెప్పమంటే చాలామంది జాన్ జే పేరో, జాన్ మార్షల్ పేరో చెబుతారు. ఐర్‌డెల్ పేరు న్యాయశాస్త్ర విద్యార్థులు దాటితే ఎవరికీ పెద్దగా తెలియదు. కానీ ఆ కోర్టు మొదటి పదేళ్లలో లోపల ఏం జరిగిందో తెలుసుకోవాలంటే తీర్పుల కంటే ఈయన ఉత్తరాలే ఎక్కువ అక్కరకొస్తాయి. జడ్జీల ఉత్తరాలు వాళ్ల సొంత ఆస్తి, వాటి జోలికి పోకూడదు అనే వాదన ఎంత బలహీనమో చూపడానికి ఇంతకంటే మంచి ఉదాహరణ దొరకదు.

ఐర్‌డెల్ 1751లో ఇంగ్లండ్‌లో పుట్టాడు. తండ్రి బ్రిస్టల్‌లో వర్తకుడు. ఆయన ఆరోగ్యంతో పాటు వ్యాపారమూ దెబ్బతినడంతో, బంధువుల పలుకుబడి మీద కొడుకు 17 ఏళ్లకే నార్త్ కరోలినాలోని ఈడెంటన్ రేవులో బ్రిటిష్ సుంకాల శాఖ ఉద్యోగిగా చేరాడు. అక్కడే శామ్యూల్ జాన్‌స్టన్ అనే న్యాయవాది దగ్గర లా నేర్చుకుని, 1773లో ఆయన సోదరి హన్నాను పెళ్లాడాడు. రాజుగారి జీతం తింటున్నవాడు తిరుగుబాటుదారుల పక్షం చేరేసరికి జమైకాలో తోటలున్న పినతండ్రి వీలునామా నుంచి పేరు కొట్టేశాడు. 1790లో జార్జ్ వాషింగ్టన్ ఆయన్ను సుప్రీంకోర్టుకు ఎంపిక చేసినప్పుడు వయసు 38. అదీ మొదటి ఎంపిక కాదు. రాబర్ట్ హారిసన్ పదవి వద్దనడంతో ఖాళీ ఏర్పడింది. మనిషికి మంచి పేరుంది, పైగా నార్త్ కరోలినా నుంచి కేంద్ర పదవుల్లో ఎవరూ లేరు అని వాషింగ్టన్ తన డైరీలో కారణం రాసుకున్నాడు. ప్రాంతాల లెక్క చూసుకుని జడ్జీలను వేయడం అప్పటి నుంచీ ఉన్నదే.

అప్పటి సుప్రీంకోర్టు జడ్జి పనిలో రాజధానిలో కూర్చునేది కొద్ది వారాలే. 1789 చట్టం ప్రకారం ఆరుగురు జడ్జీలు ఏడాదికి రెండుసార్లు దేశమంతా తిరిగి కింది సర్క్యూట్ కోర్టులు నడపాలి. ఐర్‌డెల్‌కు పడింది దక్షిణాది. నార్త్ కరోలినా, సౌత్ కరోలినా, జార్జియా చుట్టి తిరిగి రాజధాని చేరేసరికి దాదాపు 1,800 మైళ్లు. గుర్రబ్బండి మీద. ఒకసారి కాదు, మళ్లీ మళ్లీ అదే దారి. 1791 ఫిబ్రవరిలో ఆయన చీఫ్ జస్టిస్ జేకూ తోటి జడ్జీలకూ ఉత్తరం రాశాడు. ఒక్కడి మీదే ఈ బరువు వేయడం న్యాయం కాదు, అందరం వంతులవారీగా తిరుగుదాం అని. పెద్దగా ఫలితం లేకపోయింది. అయితే ఊరుకోలేదు. 1792లో కాంగ్రెస్ చట్టం చేసింది: మిగతావాళ్లంతా ఒక సర్క్యూట్ చుట్టి వచ్చేదాకా, ఒకసారి వెళ్లినవాడిని అతని ఇష్టం లేకుండా మళ్లీ అక్కడికి పంపకూడదు. ఒక జడ్జి సొంత గోడు ఏడాది తిరిగేసరికి దేశపు చట్టంలో వాక్యమైంది.

మిగతావాళ్ల పరిస్థితీ అంతంతే. విలియమ్ కుషింగ్ భార్య ఆయనతో పాటే బండిలో ఊరూరా తిరిగింది. తామిద్దరం నిలకడ లేని ప్రయాణ యంత్రాలమని ఒక ఉత్తరంలో నవ్వుతూ రాసుకుంది. థామస్ జాన్సన్ ఈ తిరుగుడు తన వల్ల కాదని 1793లో రాజీనామా చేశాడు. శామ్యూల్ చేజ్ 1800లో సస్క్వెహానా నది దాటుతూ మంచు విరిగి నీళ్లలో పడ్డాడు, కొడుకు పట్టుకుని లాగకపోతే పోయేవాడే. చీఫ్ జస్టిస్ పదవి మళ్లీ తీసుకోమని అడిగితే జాన్ జే 1801 జనవరిలో వద్దన్నాడు. ఆ కోర్టుకు శక్తీ లేదు, గౌరవమూ లేదు అన్నది ఆయన కారణం. ఇప్పుడు ప్రపంచమంతా ఉదాహరణగా చూపే కోర్టు అది.

ప్రయాణాల గోల అలా ఉంచి రాజకీయానికి వద్దాం. అసలు సరుకు అక్కడే ఉంది.

1787 ఆగస్టు. ఫిలడెల్ఫియాలో రాజ్యాంగ సభ జరుగుతోంది. నార్త్ కరోలినా ప్రతినిధి రిచర్డ్ డాబ్స్ స్పైట్ ఐర్‌డెల్‌కు ఒక ఉత్తరం రాశాడు, కోపంగా. తమ రాష్ట్ర జడ్జీలు శాసనసభ చేసిన చట్టాన్నే పక్కన పెట్టారని వార్త. శాసనసభ మీద జడ్జీలకు ఇంత అధికారం ఉంటే, మరి జడ్జీలను అదుపు చేసేది ఎవరు అన్నది ఆయన ప్రశ్న. ఐర్‌డెల్ ఆగస్టు 26న జవాబు రాశాడు. రాజ్యాంగం అంటే శాసనసభకు కూడా వర్తించే మూల చట్టం. దావా విచారిస్తున్న జడ్జి ముందు రాజ్యాంగం ఒకటి, దానికి విరుద్ధమైన చట్టం ఒకటి ఉంటే, మొదటిది కనబడనట్టు నటించలేడు. ఈ అధికారంలో ప్రమాదం లేదని కాదు, శాసనసభకు అడ్డే లేకపోవడం అంతకంటే పెద్ద ప్రమాదం. న్యాయసమీక్షకు పునాది వేసిన తీర్పుగా అందరూ చెప్పుకునే మార్బరీ తీర్పు వచ్చింది 1803లో. అంటే ఈ ఉత్తరం రాసిన 16 ఏళ్లకు.

ఇంత పదునైన వాదన రాసిన మనిషి అందులో తటస్థుడేమీ కాదు. స్పైట్ కోపానికి కారణమైన కేసు పేరు బేయర్డ్ వర్సెస్ సింగిల్టన్. బ్రిటన్ పక్షాన నిలిచినవాళ్ల ఆస్తులను రాష్ట్రం జప్తు చేసి అమ్మింది. కొన్నవాళ్ల మీద ఎవరైనా దావా వేస్తే జ్యూరీ విచారణ లేకుండానే కొట్టేయాలని 1785లో చట్టం చేసింది. న్యూబెర్న్‌లో తండ్రి ఆస్తి పోగొట్టుకున్న ఎలిజబెత్ బేయర్డ్ తరఫున నిలిచిన న్యాయవాదుల్లో ఐర్‌డెల్ ఒకడు. కోర్టు ఆ చట్టాన్ని చెల్లదంది. తర్వాత జ్యూరీ ముందు విచారణ జరిగి ఆమె ఓడిపోయింది. సిద్ధాంతం గెలిచింది, క్లయింటు ఓడింది. న్యాయసమీక్ష గురించిన ఈ తొలి వాదనలో ఫీజు తీసుకున్న వకీలు గొంతు ఎంత, రాజ్యాంగం మీద నమ్మకం ఎంత? రెండూ ఉన్నాయి. అందుకే ఈ ఉత్తరాన్ని కేసు కాగితాలతో కలిపి చదవాలి. పాఠ్యపుస్తకాలు ఆ పని చేయవు.

ఉత్తరమే చట్టంగా నిలిచిన సందర్భం ఇంకొకటి ఉంది. ఫ్రాన్స్, బ్రిటన్ యుద్ధంలో తటస్థంగా ఉండదలచిన వాషింగ్టన్ 1793లో సుప్రీంకోర్టు సలహా కోరాడు. విదేశాంగ మంత్రి జెఫర్సన్ చేత 29 ప్రశ్నల జాబితా తయారైంది. ఆగస్టు 8న జడ్జీలు ఒక మర్యాదపూర్వకమైన ఉత్తరం రాశారు. సంతకాలు చేసినవాళ్లలో ఐర్‌డెల్ ఉన్నాడు. దావా లేకుండా సలహాలు చెప్పడం మా పని కాదు అన్నదే దాని సారాంశం. అది తీర్పు కాదు, నంబరు వేసిన కేసు కాదు, వట్టి జాబు. అయినా అమెరికా సుప్రీంకోర్టు ప్రభుత్వానికి సలహాలివ్వదన్న నియమానికి ఇప్పటికీ అదే ఆధారం. మనవాళ్లు ఈ విషయంలో వేరే దారి పట్టారు, 143వ అధికరణం కింద రాష్ట్రపతి సుప్రీంకోర్టు అభిప్రాయం అడగవచ్చు.

అదే ఏడాది ఫిబ్రవరిలో చిజమ్ వర్సెస్ జార్జియా కేసు. యుద్ధకాలంలో అమ్మిన సరుకుల డబ్బు కోసం ఒక వ్యాపారి వారసత్వం చూసేవాడు జార్జియా రాష్ట్రం మీద దావా వేశాడు. వేయవచ్చన్నారు నలుగురు జడ్జీలు. కుదరదన్నది ఐర్‌డెల్ ఒక్కడే. ఆ తీర్పు అమలు చేయబోయేవాళ్లను ఉరితీయాలని జార్జియా దిగువ సభ బిల్లు కూడా పాస్ చేసింది. రెండేళ్లకు 11వ సవరణతో దేశం ఐర్‌డెల్ వైపు వచ్చింది. ఇంత ముందుచూపున్న ఆయనే 1799లో ఫిలడెల్ఫియాలో గ్రాండ్ జ్యూరీ ముందు, ప్రభుత్వాన్ని విమర్శించేవాళ్లను జైలుకు పంపే రాజద్రోహ చట్టాన్ని గట్టిగా సమర్థించాడు. ఆయన ఫెడరలిస్టు. ఉత్తరాల్లో ఆ పక్షం మనిషిగానే కనిపిస్తాడు, దాచుకోవాలన్న ధ్యాస కూడా ఉండదు. జడ్జికి రాజకీయాలుండవని చెప్పేవాళ్లు ఇవి ఒకసారి చదివితే బాగుండు.

ఇక జేమ్స్ విల్సన్ కథ. స్వాతంత్ర్య ప్రకటన మీదా రాజ్యాంగం మీదా సంతకాలు చేసిన ఆరుగురిలో ఒకడు, ఐర్‌డెల్‌కు తోటి జడ్జి. భూముల సట్టాలో మునిగిపోయి, సుప్రీంకోర్టు జడ్జిగా ఉంటూనే అప్పులవాళ్ల చేతికి చిక్కి జైలుకు వెళ్లాడు. చివరికి పారిపోయి చేరింది ఐర్‌డెల్ ఊరు ఈడెంటన్‌కే. అక్కడి హార్నిబ్లో పూటకూళ్ల ఇంట్లో 1798 ఆగస్టు 21న చనిపోయాడు. వయసులో చాలా చిన్నదైన భార్యకు ఐర్‌డెల్ కుటుంబం ఆశ్రయమిచ్చింది. శవాన్ని జాన్‌స్టన్‌ల తోటలో పూడ్చారు. 1906లో గానీ అస్థికలు ఫిలడెల్ఫియా చేరలేదు. కోర్టు రికార్డుల్లో ఈ పతనం ఎక్కడా ఉండదు. కుటుంబాల మధ్య నడిచిన జాబుల్లోనే ఉంది.

ఆ పూటకూళ్ల ఇంటి యజమానుల దగ్గర మాలీ అనే బానిస ఉండేది. ఆమె మనవరాలు హారియెట్ జేకబ్స్ 1813లో అదే ఊళ్లో పుట్టింది. వెంటపడుతున్న యజమాని నుంచి తప్పించుకుని అమ్మమ్మ ఇంటి అటకమీద, నిలబడటానికి కూడా చోటులేని సందులో, ఏడేళ్లకు కాస్త తక్కువ కాలం దాక్కుంది. అక్కడి నుంచే యజమానికి ఉత్తరాలు రాసి, న్యూయార్క్‌లో పోస్టు చేయించేది, తాను ఉత్తరాదికి పారిపోయానని అతను నమ్మాలని. 1861లో తన కథను పుస్తకంగా అచ్చువేసింది. ఐర్‌డెల్ కూడా బానిసల యజమానే. జడ్జిగారి జాబులు పెట్టెల్లో భద్రంగా ఉండి రెండు సంపుటాలుగా 1857, 58లలో వెలువడ్డాయి. సంపాదకుడు గ్రిఫిత్ మెక్రీ ఆయన మనవరాలి భర్త. ఇంటివాళ్లే ఏరి, ఇంటివాళ్లే అచ్చువేసిన చరిత్ర అది. 1976 నుంచి నార్త్ కరోలినా ప్రభుత్వ ఆర్కైవ్స్ మళ్లీ మొదటి నుంచి సంపుటాలు వేయడం మొదలుపెట్టాకగానీ ఆ వడపోత సంగతి సరిచూసే వీలు చిక్కలేదు. ఉత్తరాలను వారసుల దయకు వదిలేస్తే వచ్చే చిక్కు ఇదే.

ఈ చిక్కు అమెరికాలో ఇప్పటికీ తీరలేదు. అధ్యక్షుడి కాగితాలు చట్టప్రకారం ప్రజలవి, జడ్జి కాగితాలు మాత్రం జడ్జివే. హ్యూగో బ్లాక్ 1971లో తన సమావేశాల నోట్సును కాల్పించేశాడు. థర్‌గుడ్ మార్షల్ కాగితాలు ఆయన పోయిన కొద్ది నెలలకే, 1993లో, లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్‌లో తెరుచుకుంటే అప్పటి చీఫ్ జస్టిస్ రెన్‌క్విస్ట్ మండిపడ్డాడు. డేవిడ్ సూటర్ తన కాగితాలను చనిపోయాక 50 ఏళ్ల దాకా తెరవొద్దని షరతు పెట్టాడు. 2025లో కన్నుమూశాడు కనుక అవి 2075 దాకా అందవు. ఎవరి ఇష్టం వాళ్లది.

బయటపడుతుందని తెలిస్తే జడ్జీలు మనసు విప్పి రాయరు, తోటివాళ్లతో చర్చించరు అంటారు. ఈ అభ్యంతరంలో కొంత నిజముంది. దానికి మందు గడువు పెట్టడమే. పదవి దిగాక 25 ఏళ్లో 30 ఏళ్లో ఆగితే, నడుస్తున్న కేసులకూ బతికున్న కక్షిదారులకూ ఇబ్బంది తక్కువ. పిల్లల జబ్బులూ ఆలుమగల మాటలూ కుటుంబం దగ్గరే ఉండనివ్వవచ్చు. కోర్టు పనికి సంబంధించినవి మాత్రం వాళ్ల సొంతం కావు. అవి ప్రజల జీతం మీద, ప్రజల పని మీద రాసినవి.

మన దగ్గర ఈ చర్చ మొదలవ్వాల్సిన అవసరం ఇంకా ఎక్కువ. 1967లో రాజమండ్రి వాడైన కోకా సుబ్బారావు చీఫ్ జస్టిస్‌గా ఉండగా ప్రాథమిక హక్కులపై గోలక్‌నాథ్ తీర్పు ఆరుగురు ఒకవైపు, అయిదుగురు ఒకవైపుగా వచ్చింది. ఆ పదకొండు మంది ఒకరినొకరు ఎలా ఒప్పించుకున్నారో, ఎక్కడ విడిపోయారో తీర్పు పేజీల్లో వెతికితే దొరికేది కొంతే. సుప్రీంకోర్టు జడ్జీల లోపలి మాటలు మనకు ఎక్కువగా తెలిసింది జార్జ్ గాడ్‌బోయిస్ అనే అమెరికా ప్రొఫెసర్ 1980లలో వాళ్లతో మాట్లాడి రాసుకున్న నోట్సు వల్ల. వాటి ఆధారంగా అభినవ్ చంద్రచూడ్ 2018లో పుస్తకం తెచ్చాడు. చీఫ్ జస్టిస్ కార్యాలయం సమాచార హక్కు పరిధిలోకి వస్తుందని 2019 నవంబరు 13న సుప్రీంకోర్టు తేల్చిన కేసులో, అడిగిన వాటిలో జడ్జీల నియామకాలపై నడిచిన ఉత్తరప్రత్యుత్తరాలు కూడా ఉన్నాయి. అలాంటివి ఇవ్వాలా వద్దా అన్నది ఏ కేసుకు ఆ కేసు చూసుకోవాలంది కోర్టు. ఇది ఈరోజు అడిగేవాడికి సరిపోవచ్చు. ముప్పై ఏళ్ల తర్వాత చదవాలనుకునేవాడికి ముందు ఆ కాగితం ఎక్కడో ఒకచోట మిగిలి ఉండాలి కదా.

దీనికి పెద్ద చట్టం కోసం ఎదురుచూడాల్సిన పని లేదు. ఆస్తుల వివరాలు వెబ్‌సైట్‌లో పెట్టాలని 2025 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు జడ్జీలంతా కూర్చుని తీర్మానించుకున్నారు. పదవీ విరమణ చేసిన జడ్జి ఛాంబర్ ఖాళీ చేసేటప్పుడు కేసుల నోట్సు, తోటి జడ్జీలతో నడిచిన ఉత్తరాలు ఎవరికి అప్పగించాలో, ఎన్నేళ్ల తర్వాత ఎవరు చూడవచ్చో అదే పద్ధతిలో నిర్ణయించుకోవచ్చు. అమరావతిలోని, హైదరాబాద్‌లోని హైకోర్టులు కూడా ఆ దారినే వెళ్లవచ్చు.