మెరుపు కన్నా బిగువు మిన్న

పండక్కి కొన్న చౌక సోఫాకి మన కోనసీమ ఇళ్లలో జరిగే మొదటి అన్యాయం, షాపువాళ్లు చుట్టిన ప్లాస్టిక్ కవరు ఏళ్లతరబడి విప్పకపోవడం. రోహిణీ కార్తెలో అమలాపురం ఉక్కకి అది వీపుకి అతుక్కుని, లేచేసరికి చర్రుమంటుంది. దానిమీద మెరుపుల వెల్వెట్ కప్పితే దర్జా మాటెలా ఉన్నా చెమట మాత్రం ఖాయం. నన్నడిగితే ఆ డబ్బేదో సీటు బిగువు మీద పెట్టండి. గుంటపడ్డ చోట పాత ఫోమ్ తీయించి 40 డెన్సిటీది వేయించండి. ఘనపు మీటరు ఫోమ్ ఎన్ని కిలోలు తూగుతుందో ఆ అంకె చెబుతుంది. బరువైన ఫోమ్ అంత తొందరగా కుంగదు. పైన మందపాటి ముదురురంగు నూలుగుడ్డ, మూలలు ముడతపడకుండా పైపింగుతో, ఉతుక్కోడానికి జిప్పుతో కుట్టించండి. కుషన్లకి బీరువాలో మూలుగుతున్న బండారులంక చీర అంచు చాలు. వీపు దగ్గర ఒక్క లేసు ముక్క వేయండి. వశిష్ఠ గోదావరికి అవతలి నరసాపురం లేసుకి 2024లో జీఐ గుర్తింపొచ్చింది. ఆ అల్లిక పనివాళ్లు ఇటు రాజోలు వైపూ ఉన్నారు. యంత్రం లేసు కొనకుండా వాళ్లకే నాలుగు డబ్బులు ఇవ్వండి. ఇంతా చేశాక సోఫా ధర ఎవరూ అడగరు. భోంచేసి కూర్చున్న బావగారిని కాఫీ వేళకి తట్టి లేపాల్సి వస్తే మీ ఖర్చు గిట్టినట్టే.