మాటామంతీ: బయలుదేరిందెవరు?

బరంపురంలో మాలాగా తరాలుగా స్థిరపడిన ఇళ్ళలో, పిల్లలకు తెలుగు రావడం లేదని పెద్దలు వాపోవడం మామూలే. నేనూ వాపోయేవాణ్ణి, పోయిన దసరా సెలవుల దాకా.

శ్రీకాకుళం నుంచి మా చెల్లెలు ఫోన్ చేస్తే తొమ్మిదేళ్ళ మా మనవడు తీశాడు. ఆవిడ కొడుకు కబుర్లు, కూతురి కబుర్లు చెప్పి, చివర్న "పొద్దున్నే బయలుదేరింది, మధ్యాహ్నానికి అక్కడుంటుంది" అన్నదట. వీడొచ్చి, "మామయ్య వస్తున్నాడు తాతయ్యా" అన్నాడు. స్టేషన్లో నేను మేనల్లుడి కోసం వెతుకుతుంటే, మేనకోడలు పెట్టె పట్టుకుని నా వెనకే నిలబడి ఉంది! ఇంటిల్లిపాదీ పడిపడి నవ్వాం. ఆ రోజు నుంచి వాడు ఫోన్ ముట్టుకోలేదు.

తరవాత ఆలోచిస్తే తెలిసింది. ఒడియాలో "ఆసిలా" అంటే వచ్చాడూ అవుతుంది, వచ్చిందీ అవుతుంది. బడిలోనూ వీధిలోనూ ఒడియా వినే పిల్లవాడికి క్రియ చివర ఆడా మగా వెతికే అలవాటెక్కడిది? మనమేమో వచ్చేదెవరో చెప్పకుండా, ఆ గుట్టంతా "డు"లోనో "ది"లోనో దాచేస్తాం. తమిళ, కన్నడ సీమల్లోని మన పిల్లల చిక్కు వేరు. అక్కడ అమ్మాయి వస్తే "వందాళ్", "బందళు". ఆవు వస్తే "వందదు", "బంతు". మనకు రెండింటికీ "వచ్చింది" ఒక్కటే!

స్పానిష్ భాషలో నామవాచకం ముందు "ఎల్", "లా" అనే చిన్న మాటలు లింగాన్ని తెలుపుతాయి. ల్యూ-విలియమ్స్, ఫెర్నాల్డ్ అనే పరిశోధకులు 2007లో ప్రకటించిన ప్రయోగంలో, ఆ భాషలో పెరిగే మూడేళ్ళ పిల్లలకు రెండేసి బొమ్మలు చూపారు. రెండింటి లింగం వేరైతే, ఆ చిన్న మాట ఆసరాతో పిల్లల చూపు సరైన బొమ్మ మీదికి త్వరగా వెళ్ళింది. స్పానిష్‌ను తరవాత నేర్చుకున్న పెద్దలకు, తెలిసిన మాటల విషయంలోనూ ఆ ఆసరా అందలేదని 2010లో ప్రకటించారు. చదువుకున్న పెద్దలకే అంత కష్టమైతే, మా వాణ్ణి చూసి నవ్వడం ఏం న్యాయం?

ఇప్పుడు రాత్రి భోజనాలయ్యాక ఫోటోల ఆల్బం ముందేసుకుంటాం. "నవ్వుతోంది" అంటాను, "కూర్చున్నాడు" అంటాను. ఎవరో వాడు వేలు పెట్టి చూపాలి. తప్పితే మళ్ళీ చెబుతాను. నవ్వడం మాత్రం నిషేధం.

మొన్న ఫోన్ మోగితే వాడే తీశాడు. కాసేపు విని, "వచ్చేది పిన్నా, మామయ్యా?" అని అడిగాడు.