మాటలు కోటలు దాటుతాయి, సిగ్నల్ కొత్తపేట దాటదు

టవర్ అక్కర్లేదు. సిమ్ అక్కర్లేదు. రీచార్జ్ అసలే అక్కర్లేదు. బటన్ నొక్కితే చాలు, 50 కిలోమీటర్ల అవతల ఉన్న ఫ్రెండ్‌తో మాట్లాడొచ్చు. వరదొచ్చినా, తుపానొచ్చినా, ఇంటర్నెట్ ఆగిపోయినా మీ ఫ్యామిలీ సేఫ్!

ఇలాంటి రీల్ ఒకటి ఈపాటికే మీ ఫోన్‌లోకి వచ్చి ఉంటుంది. అరచేతిలో పట్టే నల్లటి సెట్టు, పైన పొట్టి యాంటెన్నా, వెనకాల హీరో ఎంట్రీ మ్యూజిక్. ధర రెండు మూడు వేలు. దిల్‌సుఖ్‌నగర్ హాస్టళ్లలో ఉండి కోచింగ్‌కి వెళ్లే పిల్లలు, ఎల్బీనగర్ నుంచి వీకెండ్‌కి శ్రీశైలం బయల్దేరే బైక్ బ్యాచ్‌లు ఈ మధ్య నాకు పంపే లింకుల్లో ఎక్కువ ఇవే. లింకు కింద ఒకటే ప్రశ్న: "అన్నా, ఇది నిజమేనా?"

రేడియో నిజమే తమ్ముడూ. కిలోమీటర్లే అబద్ధం.

ముందే చెప్పేస్తాను, ఈ సెట్ల మీద నాకేం పగ లేదు. నాకు హామ్ లైసెన్స్ ఉంది, అంటే అమెచ్యూర్ రేడియో లైసెన్స్. నా దగ్గరా ఇలాంటి చవక సెట్టు ఒకటుంది, రోజూ వాడతాను. ఒకప్పుడు హామ్ రేడియో అంటే డబ్బున్నవాళ్ల సరదా. ఇప్పుడు స్టూడెంట్ కూడా పాకెట్ మనీ దాచుకుని మొదలుపెట్టొచ్చు. ఆ మేలు ఈ చవక సెట్లదే. నా గొడవంతా దాని డబ్బా మీద రాసిన మాటలతోనే.

దూరం డబ్బాలో ఉండదు

ఈ చేతి సెట్లు పనిచేసేది వీహెచ్‌ఎఫ్, యూహెచ్‌ఎఫ్ తరంగాల మీద. ఆ తరంగాలు మన చూపు లాంటివి, దాదాపు తిన్నగా పోతాయి. భూమేమో గుండ్రం. కొంత దూరం పోయాక నేల కిందికి వంగిపోతుంది, తరంగం మాత్రం పైకి, ఆకాశంలోకి వెళ్లిపోతుంది. ఆ హద్దు ఎక్కడుందో తెలుసుకోడానికి ఒక చిన్న లెక్క చాలు. యాంటెన్నా ఎత్తు మీటర్లలో తీసుకోండి. దాని వర్గమూలాన్ని 4.12తో గుణించండి. వచ్చినవే కిలోమీటర్లు.

నిలబడి సెట్టు నోటి దగ్గర పట్టుకుంటే ఎత్తు మీటరున్నర. లెక్క కడితే 5 కిలోమీటర్లు. అవతలివాడూ అలాగే నిలబడితే వాడివి ఇంకో 5. మొత్తం 10. అది కూడా మధ్యలో ఇల్లూ చెట్టూ గుట్టా ఏమీ లేని మైదానంలో.

మీలో ఒకరు ఐదంతస్తుల టెర్రస్ ఎక్కారనుకోండి, ఎత్తు సుమారు 16 మీటర్లు. ఇప్పుడు హద్దు 21 కిలోమీటర్లకు జరిగింది. మరి రీల్ చెప్పిన 50 రావాలంటే? ఒకరు దాదాపు నలభై అంతస్తుల ఎత్తున ఉండాలి. ఎల్బీనగర్ నుంచి విజయవాడ రోడ్డు మీద 50 కిలోమీటర్లంటే చౌటుప్పల్ కూడా దాటిపోవాలి మరి. దారిలో గుట్టలేవీ అడ్డం రాకూడదు కూడా.

సెట్టు ఏ కంపెనీదైనా ఈ లెక్క మారదు. రెండు వేలదైనా, ఇరవై వేలదైనా ఇంతే.

నాలుగు స్టేషన్ల పరీక్ష

లెక్కలంటే బోర్ కొట్టేవాళ్ల కోసం రోడ్డు మీదికే వెళ్దాం. పోయిన చలికాలం ఒక ఆదివారం పొద్దున్నే, లైసెన్స్ ఉన్న మిత్రుడు ఒకడు దిల్‌సుఖ్‌నగర్ మెట్రో స్టేషన్ కింద నిలబడ్డాడు. నేను బండేసుకుని ఎల్బీనగర్ వైపు బయల్దేరాను. ప్రతి స్టేషన్ దగ్గరా బండి పక్కకి ఆపి పిలవాలి, అదీ ఒప్పందం. ఇద్దరి దగ్గరా ఒకే మోడల్, ఒక్కోటి 5 వాట్లు. మొత్తం దారి నాలుగు కిలోమీటర్ల లోపే.

చైతన్యపురి దగ్గర బాగానే వినిపించాడు. కొత్తపేటలో సగం మాటలు, సగం గరగర. "ఎక్కడున్నావ్?" అన్న చిన్న ప్రశ్న మూడుసార్లు అడగాల్సొచ్చింది. విక్టోరియా మెమోరియల్ స్టేషన్ దగ్గర ఉత్త బుస్సుమనే చప్పుడు. ఎల్బీనగర్ రింగ్ రోడ్డు చేరేసరికి అదీ లేదు. నెత్తిన మెట్రో కాంక్రీటు, రెండు పక్కలా షోరూములు, అపార్ట్‌మెంట్లు. ఇన్ని గోడలు దాటే ఓపిక 5 వాట్లకు ఎక్కడిది?

అప్పుడు మావాడు పక్క సందులో వాళ్ల చుట్టాల ఐదంతస్తుల ఇంటి టెర్రస్ ఎక్కాడు. నేను ఎల్బీనగర్‌లో ఉన్నచోటే ఉన్నాను. ఈసారి గొంతు సన్నగా వచ్చింది గానీ మాట అర్థమైంది. తర్వాత నేనూ ఒక బిల్డింగ్ పైకెక్కాను. ఇంకేముంది, పక్కన కూర్చుని మాట్లాడుతున్నట్టే ఉంది.

అవే సెట్లు, అవే బ్యాటరీలు, అవే వాట్లు. మారింది ఎక్కిన మెట్లు మాత్రమే.

8 వాట్లు, 10 వాట్లు అంటున్నారు కదా?

అంటారు. వాట్లు పెరిగితే దూరం కూడా అంతే పెరుగుతుందని మనం అనుకుంటాం కాబట్టే అంటారు. అడ్డంకులు లేని ఖాళీ స్థలంలో కూడా దూరం రెట్టింపు కావాలంటే వాట్లు నాలుగింతలు కావాలి. 5 నుంచి 8 వాట్లకు వెళ్తే సిగ్నల్ పెరిగేది 2 డెసిబెల్స్ మాత్రమే. చెవికి ఆ తేడా తెలియడం కూడా కష్టం. బ్యాటరీకి మాత్రం బాగా తెలుస్తుంది. భూమి వంపైతే వాట్లకు అస్సలు లొంగదు.

చవక సెట్లలో బయటికి కనిపించని ఇబ్బంది ఇంకోటుంది. మీరు 145 మెగాహెర్ట్జ్ మీద మాట్లాడుతుంటే అది 290 మీద, 435 మీద కూడా కొంత శక్తిని వెదజల్లుతుంది. వీటిని హార్మోనిక్స్ అంటారు. మంచి సెట్టులో ఫిల్టర్లు వీటిని అణిచేస్తాయి. అమెరికా హామ్‌ల సంఘం ఏఆర్‌ఆర్‌ఎల్ తన ల్యాబ్‌లో ఇలాంటి చవక సెట్లను కొలిచి చూస్తే, చాలావాటిలో ఈ వెదజల్లుడు పరిమితి దాటింది. ఇది సెట్టు పట్టుకున్నవాడికి తెలియదు. పక్క ఫ్రీక్వెన్సీలో పనిచేసుకునేవాడికి తెలుస్తుంది.

మరి అంతరిక్షం దాకా వెళ్తుందట?

ఇది నిజం. అంతర్జాతీయ అంతరిక్ష కేంద్రంలో హామ్ రేడియో ఉంది. మన నెత్తి మీద సుమారు 400 కిలోమీటర్ల ఎత్తులో వెళ్లేటప్పుడు చేతి సెట్టుతో కూడా దాని ద్వారా మాట్లాడినవాళ్లున్నారు. కొత్తపేట దాటలేని సెట్టు అంతరిక్షానికి ఎలా చేరింది? మధ్యలో కొత్తపేట లేదు కాబట్టి! గోడ లేదు, నేల వంపు లేదు, ఖాళీ ఆకాశం. మంచి యాంటెన్నా, కేంద్రం ఎప్పుడు ఎటు నుంచి వస్తుందో తెలిసిన మనిషి, ఆ కొద్ది నిమిషాలు. ఇవన్నీ కుదిరితేనే ఆ మాట.

రీళ్ల అసలు టెక్నిక్ ఇదే. ఎక్కడో కుదిరిన నిజాన్ని తెచ్చి మీ హాస్టల్ గదిలో కూడా జరుగుతుందన్నట్టు చూపిస్తాయి.

అండమాన్ కథలో దాచిన సగం

"విపత్తులో సెల్ పనిచేయదు, హామ్ రేడియో పనిచేస్తుంది" అనే మాటకు మన హైదరాబాద్‌తో గట్టి సంబంధం ఉంది. 1983లో ఇక్కడ మొదలైన సంస్థ జాతీయ అమెచ్యూర్ రేడియో సంస్థ, ఎన్‌ఐఏఆర్. 2004 డిసెంబర్‌లో ఈ సంస్థ తరఫున భారతి ప్రసాద్ తన బృందంతో పోర్ట్‌బ్లెయిర్‌లో ఉన్నారు. ఆమె కాల్‌సైన్ వీయూ2ఆర్‌బీఐ. అండమాన్ నుంచి ప్రపంచంలోని హామ్‌లతో మాట్లాడటం కోసం వెళ్లారు. డిసెంబర్ 26న సునామీ వచ్చింది. ఫోన్లు మూగబోయాయి. హాబీ కోసం పట్టుకెళ్లిన రేడియోలే ద్వీపాలకూ ప్రధాన భూభాగానికీ మధ్య దారి అయ్యాయి. ఎవరు బతికున్నారో బంధువులకు చేరవేసింది ఆ గొంతులే.

గర్వపడాల్సిన కథ. కాకపోతే రీళ్లు అందులో సగం మింగేస్తాయి. ఆ బృందం వాడింది హెచ్‌ఎఫ్ రేడియోలు. ఆ తరంగాలు ఆకాశంలోని అయనోస్ఫియర్ పొరకు తగిలి కిందికి వంగుతాయి కాబట్టి వందలు, వేల కిలోమీటర్లు వెళ్తాయి. వాటికి పెద్ద యాంటెన్నా, సరైన కరెంటు ఏర్పాటు కావాలి. అన్నిటికంటే ముందు, అవతలి ఒడ్డున వింటూ కూర్చున్న హామ్‌లు కావాలి. జేబులో పెట్టుకునే సెట్టుకీ, ఆ స్టేషన్‌కీ పోలిక లేదు. బస్సు డ్రైవర్ నైపుణ్యం చూపించి సైకిల్ అమ్మినట్టుంది వ్యవహారం.

అమ్మకొకటి, నాకొకటి?

నల్గొండ దగ్గరి ఊరి నుంచి వచ్చి ఇక్కడ చదువుకునే ఒకమ్మాయి అడిగింది: "జత కొని ఒకటి అమ్మకిస్తే బిల్లు లేకుండా రోజూ మాట్లాడుకోవచ్చు కదా?" ఆలోచన ముచ్చటగా ఉంది. దూరం సంగతి పైన చూశాం. చట్టం సంగతి ఇంకా గట్టిది.

మన దేశంలో ట్రాన్స్‌మిట్ చేసే రేడియో దగ్గర పెట్టుకోడానికే అనుమతి ఉండాలి. 1933 నాటి వైర్‌లెస్ టెలిగ్రఫీ చట్టం నుంచీ ఉన్న పద్ధతి ఇది. హామ్ బ్యాండ్ల మీద మాట్లాడాలంటే ఇద్దరికీ లైసెన్స్ ఉండాలి, అమ్మకి కూడా. హామ్‌లకు వాడుకలో ఉన్నవి 144 నుంచి 146, 434 నుంచి 438 మెగాహెర్ట్జ్. ఈ చవక సెట్లు చాలావరకు 136 నుంచి 174, 400 నుంచి 520 దాకా ఎక్కడైనా తెరుచుకుంటాయి. ఆ మధ్యలో ఎవరెవరి రేడియోలో ఉంటాయి. సరదాగా బటన్ నొక్కి ఎవరి అత్యవసర మాట మీద మన పాట పెడతామో మనకే తెలియదు.

లైసెన్స్ అక్కర్లేని దారి ఒకటుంది. 446.0 నుంచి 446.2 మెగాహెర్ట్జ్ మధ్య, తక్కువ శక్తితో పనిచేసే చిన్న వాకీటాకీలు. 2018 నిబంధనల ప్రకారం వీటికి మినహాయింపు. ఫంక్షన్ హాల్లో, బైక్ రైడ్‌లో ముందూ వెనకా ఉన్నవాళ్లకి ఇవి చాలు. కొనేముందు మూడే చూడండి: ఫ్రీక్వెన్సీ స్పష్టంగా రాశాడా, మన దేశపు టైప్ అప్రూవల్ ఉందా, లైసెన్స్ కావాలో వద్దో చెప్పాడా. ఈ మూడూ లేకుండా కిలోమీటర్లు మాత్రమే పెద్దక్షరాల్లో ఉంటే పేజీ మూసేయండి.

ఇది నా ఒక్కడి చాదస్తం కాదు. 2025 మేలో కేంద్ర వినియోగదారుల రక్షణ ప్రాధికార సంస్థ ఈ వివరాలేవీ లేకుండా వాకీటాకీలు అమ్ముతున్న ఆన్‌లైన్ అంగళ్లకు 13 నోటీసులిచ్చింది. లెక్కకు వచ్చిన లిస్టింగులు దాదాపు 17 వేలు.

నీళ్లొచ్చిన రోజు

ఇంత పట్టుదలగా ఎందుకు రాస్తున్నానంటే, ఈ వైపు కాలనీలకు వరద అంటే రీల్ కాదు. 2020 అక్టోబర్ 13 రాత్రి కురిసిన వాన గుర్తుందా? సరూర్‌నగర్ చెరువు చుట్టుపక్కల, కోదండరాం నగర్ లాంటి చోట్ల ఇళ్లలోకి నీళ్లొచ్చాయి. జనాన్ని పడవల్లో తీసుకెళ్లారు. అలాంటి రాత్రి ఒక కుటుంబం "మన దగ్గర 50 కిలోమీటర్ల రేడియో ఉందిలే" అని ధీమాగా కూర్చుంటే? బటన్ నొక్కుతారు. లైటు వెలుగుతుంది. వినేవాడు ఒక్కడూ ఉండడు. పనిచేయని వస్తువు కంటే, పనిచేస్తుందని నమ్మించిన వస్తువు ప్రమాదం. దాన్ని నమ్ముకుని ముందే బయటపడాల్సినవాళ్లు ఇంట్లోనే ఉండిపోతారు.

నిజంగా కాలనీకి పనికొచ్చే రేడియో కావాలా? దారుంది. పన్నెండేళ్లు నిండితే చాలు, హామ్ పరీక్ష రాయొచ్చు. రిస్ట్రిక్టెడ్ గ్రేడ్‌కి మోర్స్ కోడ్ కూడా అవసరం లేదు. కొంచెం రేడియో పాఠం, కొంచెం నిబంధనలు. ఎంసెట్‌కి చదివినవాళ్లకి ఇది పెద్ద బరువేం కాదు. దరఖాస్తు కేంద్రం వారి సరళ్ సంచార్ పోర్టల్‌లో.

ఒక్కో కాలనీలో ఇద్దరు ముగ్గురు లైసెన్స్ తెచ్చుకుని, ఎత్తయిన టెర్రస్ మీద ఒక మంచి యాంటెన్నా నిలబెట్టి, వారానికోసారి సరిగ్గా ఒకే టైముకి ఒకరినొకరు పిలుచుకోవడం అలవాటు చేసుకున్నారనుకోండి. అప్పుడు ఆ రెండు వేల సెట్టుకి విలువొస్తుంది. దిల్‌సుఖ్‌నగర్ టెర్రస్ నుంచి ఎల్బీనగర్ టెర్రస్‌కి మాట చేరుతుంది. అక్కడి నుంచి ఇంకో టెర్రస్‌కి. ఆన్‌లైన్‌లో సెట్టు దొరుకుతుంది గానీ అవతల వినే మనిషి దొరకడు. ఆ మనిషిని ముందే తయారుచేసుకోవాలి, వాన రాకముందే.