పడ్డ పాచికే పాత్ర: మా ప్రణాళిక

మూడు పాచికలు, ఆరుసార్లు, పడ్డ వరసలోనే. మా ఉద్యమానికి ఇదే పునాది. కొత్తగా మేం కనిపెట్టిందేమీ లేదు. 1974లో గ్యారీ గైగాక్స్, డేవ్ ఆర్నెసన్‌ల పాత్రధారణ ఆట డంజన్స్ అండ్ డ్రాగన్స్ మొదలైందే ఇలా. బలం నుంచి ఆకర్షణ దాకా ఆరు స్టాట్లు, ఒక్కోదానికి 3 నుంచి 18 లోపు ఏది పడితే అది. 18 పడే అవకాశం 216లో ఒక్కటి. 3కీ అంతే.

తర్వాత బుజ్జగింపులు మొదలయ్యాయి. నాలుగు పాచికలేసి చిన్నదాన్ని తీసెయ్యొచ్చని 1979 నాటి డంజన్ మాస్టర్స్ గైడ్ దారి చూపింది. 2014 నాటి ఐదో ఎడిషన్లో 27 పాయింట్లతో స్టాట్లు కొనేసుకోవచ్చు. పేకాటలో ముక్కలు బాలేవు, మళ్లీ పంచమంటే నవ్వుతారు. పాచికలు మళ్లీ వేస్తానంటే మాత్రం ‘పాపం, వెయ్యనీ’ అంటున్నాం. స్టాట్లు నచ్చినట్టు ఎంచుకుని, పుట్టుక నుంచి పట్టాభిషేకం దాకా కథంతా రాసుకొచ్చినవాడికి ఇక ఆడటానికి ఏం మిగిలింది?

పాచికలు ఇచ్చిన ఈ పాత్రను చూడండి. బలం 5, తెలివి 8, వివేకం 13, చురుకు 11, ఓర్పు 4, ఆకర్షణ 15. 1981 నాటి డంజన్స్ అండ్ డ్రాగన్స్ బేసిక్ నియమాల్లో ఈమె క్లెరిక్ (పూజారి). మొదటి లెవెల్ క్లెరిక్‌కి మంత్రం ఒక్కటీ రాదు. ప్రాణానికి వేసిన పాచిక 3 పడింది. ఓర్పు తక్కువైనందుకు రెండు కోత పడి మిగిలింది ఒక్క పాయింటు. ఎలుక కొరికినా చాలు. ఈమె తలుపు తన్నదు, చెవి పెట్టి వింటుంది. పదడుగుల కర్రతో ముందు నేల పొడిచి చూస్తుంది. బందిపోట్లు ఎదురైతే గద ఎత్తదు. మూటలోంచి రొట్టె తీసి, మీ నాయకుడు వాటా సరిగ్గా పంచుతున్నాడా అని అడుగుతుంది. ఆకర్షణ 15 కాబట్టి వాళ్ల స్పందన తేల్చే పాచికలకు ఒకటి కలుస్తుంది. కాగితం మీద ఆమెకున్న ఆస్తి దాదాపు అదే. మిగతాదంతా ఆటగాడి బుర్రలోంచి రావాల్సిందే. మాకు కావలసిన ఆట ఇది.

కొత్త పాత్ర కోసం ఇలాంటి బలహీన పాత్రను కావాలని గోతిలో తోసెయ్యడం మోసం. జోకర్‌గా మార్చి నవ్వించడం అంతకన్నా చవకబారు పని (అదీ మొదటి అరగంటే నవ్వొస్తుంది). ఆట నడిపే డంజన్ మాస్టర్‌కూ బాధ్యతలున్నాయి. ప్రమాదం ముందే వాసన కొట్టాలి, చప్పుడు చెయ్యాలి. పారిపోవడానికి దారుండాలి. ఇవి లేకుండా బలహీనులను ఆడించడమంటే వధే.

పక్కవాడికి 17 పడి మనకు 6 పడితే? మంట నిజమే, కాదనం. అందుకే మొదటి ఆటకు తలా మూడు నాలుగు పాత్రలు ఇస్తాం. 2012లో వచ్చిన డంజన్ క్రాల్ క్లాసిక్స్ పద్ధతి ఇది. జీరో లెవెల్ పల్లెజనం గుంపుగా గుహలోకి దిగుతారు, బతికి బయటపడ్డవాళ్లే మొదటి లెవెల్‌కు చేరతారు.

ఏళ్ల తరబడి ఒకే కథ నడుపుకుంటున్న బృందాల జోలికి మేం రాం. చేరదలచినవాళ్లు మూడు పాచికలు, పెన్సిలు తెచ్చుకోండి. రబ్బరు కూడా తేవచ్చు గానీ స్టాట్ల మీద వాడకూడదు. ప్రాణం పాయింట్లు తుడవడానికి ఎలాగూ కావాలి.